తప్పెవరిది?

సావనీరుకు ఏదైనా వ్రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శి వారం రోజులుగా నా వెంటబడి తిరుగుతున్నాడు. కథ వ్రాద్దామంటే చేతకాదు. కవిత్వం వ్రాద్దామంటే మా హాస్టల్లో ఇప్పటికే కవులు ఎక్కువై మెస్సులో చోటు దొరకడం లేదు. అందుచేత నేను చేసిన ఒక తప్పును గూర్చి వ్రాస్తున్నాను. మొదట అది కంప్యూటరు తప్పనుకున్నాను. తరువాత నా మిత్రుని తప్పనుకున్నాను. అసలు సంగతి తెలిసేసరికి పది రోజులు పట్టింది.

మాది తాండూరు. నీలం బండలకూ, పసుపు బండలకూ పేరుపడ్డ ఊరు. మా చిన్నాయనకు అక్కడ చిన్న బండల దుకాణం ఉంది. 2019లో, ఇంటర్ రెండో సంవత్సరం చదివే రోజుల్లో, ఆయన దుకాణానికి వెబ్‌సైటు చేయాలని నాకొక పిచ్చి పట్టింది. నాకు తోడు వికారాబాదు మిత్రుడు ఒకడు. ఇద్దరం ఒకే బెంచీ. వర్డ్‌ప్రెస్ మీద సైటు కట్టాం. వర్డ్‌ప్రెస్ అంటే తెలియని వారికి ఒక్క మాట: అది 2003లో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేరు. ఇల్లు అది ఇస్తుంది, ఇంట్లోకి కావలసిన సామాను మనం తెచ్చుకోవాలి. ఆ సామానునే ప్లగిన్‌లంటారు. ఒక్కొక్కటి ఒక్కొక్కరు తయారుచేసినది. ఒకరి సంగతి మరొకరికి తెలియదు.

మా సైటులో పధ్నాలుగు ప్లగిన్‌లుండేవి. వాటిలో మూడింటితోనే ఈ కథకు పని. మొదటిది, పేజీ పైభాగాన బండల ఫోటోలను ఒకదాని తరువాత ఒకటి తిప్పే స్లైడరు. అది నేను పెట్టినది, చూడముచ్చటగా ఉంటుందని. రెండవది లెక్కల పెట్టె. గది పొడవు, వెడల్పు, బండ సైజు ఇస్తే ఎన్ని బండలు కావాలో చెబుతుంది. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గదికి రెండడుగుల బండలు ముప్పై. ఆ కింద ఫోన్ నంబరు వ్రాస్తే చిన్నాయనకు కబురు పోతుంది. మూడవది నా మిత్రుడు పెట్టినది. మా ఊళ్ళలో ఫోను సిగ్నలు సంగతి తెలుసు గదా! పేజీ త్వరగా తెరుచుకోవాలని, అన్ని ప్లగిన్‌ల స్క్రిప్టులనూ ఒకే ఫైలుగా మూటగట్టి పంపే ప్లగిన్ అది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. రైళ్ళు ఆగాయి, పాలిషింగ్ మిషన్లు ఆగాయి. తిరిగి దుకాణం తెరిచాక కూడా మనుషులు రావడానికి జంకేవారు. జూన్, జూలై నెలల్లో చిన్నాయనకు వచ్చిన బేరాల్లో సగం ఆ లెక్కల పెట్టె నుంచి వచ్చినవే. నాకెంత గర్వమో చెప్పలేను.

ఆగస్టు 11న వర్డ్‌ప్రెస్ 5.5 విడుదలైంది. ఒక రాత్రి భోజనం చేసి వచ్చి, అప్‌డేట్ చేయమని కనబడిన బటన్‌ను నొక్కాను. బ్యాకప్ తీయలేదు. మొదటి పేజీ ఒకసారి తెరిచి చూశాను. తెరుచుకుంది. హాయిగా పడుకున్నాను.

వారం తరువాత చిన్నాయన అడిగాడు: "ఏందిరా, ఒక్క ఫోనూ వస్తలేదు. మనూళ్ళోనే బేరాల్లేవా, అంతటా గింతేనా?"

వెళ్ళి చూస్తే లెక్కల పెట్టె చచ్చి పడి ఉంది. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. పైన ఫోటోలూ కదలడం లేదు, కాని ఆ కంగారులో నా కన్ను వాటి మీద పడలేదు. ఎంతమంది గది కొలతలు వేసి, బటన్ నొక్కి, విసుగుపుట్టి పక్క దుకాణం వెతుక్కున్నారో!

ఇలాంటప్పుడు చేయవలసిన పద్ధతి ఒకటుంది. ప్లగిన్‌లలో సగం ఆపాలి. జబ్బు పోతే దొంగ ఆ సగంలో ఉన్నట్టు. ఆ సగాన్ని మళ్ళీ సగం చేయాలి. పధ్నాలుగులో ఒకటి దొరకడానికి నాలుగు మార్లు చాలు. నేనూ అదే చేశాను. మొదటి ఏడూ ఆపాను. లెక్కల పెట్టె లేచి కూర్చుంది! ఆ ఏడింటిలో వెతుక్కుంటూ పోతే చివరకు ఒక్కటి మిగిలింది. అది నా మిత్రుడు పెట్టిన మూట ప్లగిన్.

మరొక సాక్ష్యం కూడా దొరికింది. దాన్ని మళ్ళీ నడిపించి, బ్రౌజరులో ఎఫ్12 నొక్కి కన్సోలు తెరిస్తే ఎర్ర అక్షరాలతో తప్పు కనబడింది. ఏ ఫైలులో? ఆ మూట ఫైలులోనే. ఇంకేం కావాలి?

వెంటనే ఫోన్ చేశాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. "నీ తెలివితేటలతో మా చిన్నాయన కడుపు కొట్టినవ్ గదరా" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత ఒకే ఒక్క మాట అన్నాడు: "నాది ఆపి చూసినవ్. నీది ఆపి చూసినవా?"

నేను ఫోన్ పెట్టేశాను.

వాడి ప్లగిన్ తీసేశాను. లెక్కల పెట్టె నడుస్తోంది. రెండు రోజులకు చిన్నాయన దుకాణంలో ఫోను చూస్తూ, "లెక్క మంచిగనే చేస్తుంది. మరి ఫోటోలు తిరుగుతలేవేందిరా?" అన్నాడు.

నాకు గుండె గుభేలుమంది. దొంగను ఊరు దాటించాం గదా, మరి ఈ దొంగతనం ఎవరు చేస్తున్నట్టు?

మళ్ళీ కన్సోలు తెరిచాను. ఇప్పుడు మూట లేదు, ఫైళ్ళన్నీ విడివిడిగా వస్తున్నాయి. ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి. ఈసారి ఫైలు పేరు స్పష్టంగా ఉంది. అది నా స్లైడరు.

జరిగిందేమిటో చెబుతాను. ప్లగిన్‌లలో చాలా భాగం జేక్వెరీ అనే స్క్రిప్టు లైబ్రరీ మీద ఆధారపడతాయి. అందులో 'లైవ్' అని ఒక పాత ఆజ్ఞ ఉండేది. 2013లో వచ్చిన 1.9 కూర్పులో దాన్ని తీసేశారు. అయినా పాత ప్లగిన్‌లు ఆగిపోకూడదని, జేక్వెరీ మైగ్రేట్ అనే దుబాసీని వర్డ్‌ప్రెస్ తన వెంట ఉంచుకున్నది. 5.5తో ఆ దుబాసీని మాన్పించింది. కొన్నేళ్ళుగా ఎవరూ ముట్టని నా స్లైడరు ఇంకా ఆ 'లైవ్' అనే పిలుస్తున్నది. పలికేవాడు లేడు. అక్కడే పడిపోయింది.

విడి ఫైలుగా ఉన్నప్పుడు అది ఒక్కటే పడుతుంది, మిగిలినవి నడుస్తాయి. కాని అన్నిటినీ ఒకే ఫైలుగా కట్టినప్పుడు, మధ్యలో ఒకటి పడితే దాని వెనుక ఉన్నవేవీ ముందుకు సాగవు. స్లైడరు వెనుక లెక్కల పెట్టె ఉంది. కన్సోలు కూడా మూట పేరే చెప్పింది గాని, మూటలో ఎవడున్నాడో చెప్పలేదు.

పరీక్ష కోసం వాడి ప్లగిన్‌ను తిరిగి పెట్టి, నా స్లైడరును ఆపాను. లెక్కల పెట్టె చక్కగా నడిచింది. అంటే ఆ మొదటి రోజున పై ఏడింటికి బదులు కింది ఏడింటిలో లెక్కల పెట్టెను తప్ప మిగిలినవాటిని ఆపి ఉంటే, అదే పద్ధతి, అవే నాలుగు మార్లు, నన్ను నా ప్లగిన్ దగ్గరకే చేర్చేవి! ఇద్దరు కలిస్తే పుట్టే జబ్బు ఏ ఒక్కరిని తీసేసినా పోతుంది. ఒకరిని తీస్తే పోయింది గనుక తప్పు వారిదే అనడానికి లేదు. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. వాడు ఆ రోజు ఫోనులో చెప్పాడు. నేను వినలేదు.

మరునాడు చిన్నాయన బండి తీసుకుని వికారాబాదు వెళ్ళాను. అనంతగిరి గుట్టల మీద వానమబ్బులు కమ్మి ఉన్నాయి. వాడు మూతికి మాస్కు కట్టుకుని గడపలోనే నిలబడ్డాడు. దారంతా ఏవేవో మాటలు కూర్చుకున్నాను గాని, ఒక్కటీ నోట రాలేదు. "నాదే తప్పురా" అన్నాను. "నాకు తెలుసు" అన్నాడు. "ఎట్ల తెలుసు?" అంటే, "ఆ రోజే సైటు కాపీ మీద చూసిన" అన్నాడు. వాడి దగ్గర కాపీ ఉంది! నేను తీయని బ్యాకప్ వాడు నెలనెలా తీసి పెట్టుకుంటున్నాడు.

"మరి చెప్పలేదేందిరా?"

"చెప్తే వింటివా?"

దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ సాయంత్రం వాళ్ళ అరుగు మీద కూర్చుని ఇద్దరం బాగుచేశాం. దుబాసీని తిరిగి పిలిచే సహాయక ప్లగిన్‌ను వర్డ్‌ప్రెస్ వారే అందించారు. అది తాత్కాలికం. స్లైడరు పూర్తిగా తీసేసి, వాడి మూట ప్లగిన్‌ను ఉంచాం. పైన ఒకే ఒక బండ ఫోటో, కదలకుండా. చిన్నాయన చూసి, "గిదే మంచిగుంది. బండ ఎక్కడన్నా తిరుగుతదారా?" అన్నాడు.

డిసెంబరులో 5.6 వచ్చినప్పుడు ముందుగా బ్యాకప్ తీశాను. వాడికి ఫోన్ చేసి, కాపీ మీద ఇద్దరం చూసిన తరువాతనే బటన్ నొక్కాను. నేటికీ ఏ అప్‌డేట్ వచ్చినా అలాగే చేస్తున్నాం. ప్లగిన్‌ల అవసరం ఎంతో నాకు తెలియదు గాని, ఆ వంకన వాడితో నెలకొకసారైనా మాట్లాడుతున్నాను.

హాస్టల్లో ఎవరో ఒకరు గది ఖాళీ చేసిపోతే గొడవలు తగ్గడం, "చూశావా, వాడివల్లే ఇదంతా" అని మిగిలినవాళ్ళు అనుకోవడం నేను చాలాసార్లు విన్నాను. అప్పుడు నాకు వికారాబాదు మిత్రుని ప్రశ్న గుర్తుకొస్తుంది. పైకి అనను. నన్ను నేను మాత్రం అడుగుతూ ఉంటాను.