మామ జెన్‌కి ఏ మెదడు పెట్టాలి?

ఆళ్లగడ్డలో మా మామ దగ్గర 1996 మోడల్ మారుతి జెన్ ఉంది. 993 సీసీ ఇంజిన్, కార్బురేటర్, 50 హార్స్‌పవర్. లెక్కప్రకారం అది స్పోర్ట్స్ కారు కాదు. కానీ ఆ రోజుల్లో మనవైపు కుర్రాళ్లకి స్పోర్ట్స్ కారంటే జెన్నే. చిన్నది, తేలికైనది, స్టీరింగ్ తిప్పితే మాట వింటుంది.

మామ మెకానిక్. కార్బురేటర్ బండి శబ్దం వినే జబ్బేంటో చెప్పేస్తాడు. ఇంజెక్షన్ బండి వస్తే మాత్రం స్కానర్ లేదని సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న నంద్యాలకి పంపేస్తాడు. అలా పంపే బండ్లు ఏటేటా పెరుగుతున్నాయి. అందుకే సొంత జెన్‌కే ఇంజెక్షన్ పెట్టి, దాని మీదే పని నేర్చుకోవాలనుకున్నాడు. "కంప్యూటర్లు సదువుతాండావు గదా అల్లుడా, ఏది మంచిదో నువ్వే సెప్పు" అన్నాడు.

అసలు కార్బురేటర్‌కి వచ్చిన కష్టమేంటి? ఒకటి పెట్రోలు. మామూలు పెట్రోలు పూర్తిగా మండాలంటే 1 కిలోకి 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20కి సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి ఇంకాస్త ఎక్కువ పెట్రోలు పోయాలి. కార్బురేటర్ జెట్‌కి ఆ సంగతి తెలీదు. స్క్రూ తిప్పితే ఐడిల్ సర్దుకుంటుంది కానీ రోడ్డు మీద పరుగుని నడిపేది జెట్ రంధ్రమే.

రెండోది మన ఎండ. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన ఆదర్శ వాయు సమీకరణం వేసి చూస్తే 25 డిగ్రీల గాలి కంటే 45 డిగ్రీల గాలి 6 శాతం పలుచన. తెల్లవారుజామున అహోబిలం వెళ్లే బండి, మే నెల మధ్యాహ్నం నంద్యాల బస్టాండు దగ్గర ఇరుక్కున్న బండి పీల్చేది ఒకే గాలి కాదు. ఈసీయూ ఉంటే గాలి ఉష్ణోగ్రత, ఒత్తిడి కొలిచి, ప్రతిసారీ ఇంజెక్టర్ ఎంతసేపు తెరవాలో లెక్కవేస్తుంది.

మా ముందు మూడు దారులున్నాయి. మొదటిది స్క్రాప్‌లో దొరికే ఎంపీఎఫ్‌ఐ జెన్ నుంచి ఇంజెక్టర్లు, పంపు, వైరింగ్‌తో పాటు కంపెనీ ఈసీయూ కూడా తెచ్చి పెట్టడం. చవక, నమ్మకం. కానీ అది మూసిన పెట్టె. తనకిచ్చిన హద్దుల్లో సర్దుకుంటుంది తప్ప, లెక్క ఎలా వేస్తోందో మామకి చూపించదు.

రెండోది ఆస్ట్రేలియా హాల్‌టెక్, న్యూజిలాండ్ లింక్ లాంటివి. రేసు బండ్లకి పేరున్న సరుకు. బోర్డు, సెన్సార్లు, వైరింగ్ అన్నీ కలిపితే మా జెన్ అమ్మినా ఆ డబ్బు రాదు.

మూడోది స్పీడుయినో. ఓపెన్ సోర్స్. మన ల్యాబుల్లో కనిపించే ఆర్డుయినో మెగా మీదే నడుస్తుంది. మిగతా సామాను స్క్రాప్ జెన్‌దే, మెదడు మాత్రం మనది.

16 మెగాహెర్ట్జ్, 8 కేబీ ర్యామ్ ఉన్న చిప్ ఇంజిన్ని నడుపుతుందా అని నాకూ అనుమానం వచ్చింది. లెక్క వేశాను. 6000 ఆర్‌పీఎం అంటే ఒక చుట్టుకి 10 మిల్లీసెకన్లు. అందులో ఒక డిగ్రీకి దాదాపు 28 మైక్రోసెకన్లు. ఆ కాసేపట్లో చిప్‌కి సుమారు 440 క్లాక్ సైకిళ్లు దొరుకుతాయి. తక్కువే, కానీ శ్రద్ధగా రాసిన కోడ్‌కి సరిపోతాయి.

నన్ను ఒప్పించింది మాత్రం స్పీడ్ కాదు, ఇంధనం టేబుల్. అడ్డం 16, నిలువు 16, మొత్తం 256 గళ్లు. ఒకవైపు ఆర్‌పీఎం, ఇంకోవైపు ఇంజిన్ మీద భారం. నేను ప్రింట్ తీసి ఇచ్చి, తెలుగులో ఎలా చెప్పాలా అని తంటాలు పడుతుంటే మామ వేలు పెట్టి అడిగాడు: "మూడో గేర్లో ఎత్తు ఎక్కేటప్పుడు ఈ గడి గదా?" సరిగ్గా అదే గడి. ఆయన చెవిలో ఉన్న విద్యకి ఇందులో చోటుంది. ఆయన విని చెప్పిన గడిని వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్‌తో సరిచూసి మార్చుకోవచ్చు. మూసిన పెట్టె ఆ అవకాశం ఇవ్వదు.

కొన్ని షరతులు పెట్టుకున్నాం. మొదట ఇంధనం మాత్రమే ఈసీయూ చేతికి. ఇగ్నిషన్ పాత డిస్ట్రిబ్యూటర్‌తోనే. సెన్సార్లు నంద్యాల స్పేర్ పార్ట్స్ షాపులో దొరికేవే వాడాలి. సిరివెళ్ల దగ్గర రాత్రి బండి ఆగితే పార్సిల్ కోసం ఎదురుచూడలేం. ప్రతి వైరుకీ తెలుగులో పేరు రాయాలి. ఇది రిజిస్ట్రేషన్ ఉన్న బండి కాబట్టి బిగించే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగాలి. తీసిన కార్బురేటర్ అటక మీద భద్రంగా ఉండాలి.

ప్రస్తుతానికి బోర్డు మామ షెడ్డులో బల్ల మీదే ఉంది. ఇంకో ఆర్డుయినోతో డిస్ట్రిబ్యూటర్ లాంటి సిగ్నల్ పంపిస్తుంటే ల్యాప్‌టాప్‌లో ఆర్‌పీఎం ముల్లు కదులుతోంది. మామ కాసేపు చూసి, "ఈ పెట్టెకి ఎండ తగిలితే ఏం జేస్తది?" అన్నాడు. అప్పటిదాకా దాన్ని బానెట్ కింద బిగిద్దామనే అనుకుంటున్నాం. ఇప్పుడు డ్యాష్‌బోర్డు వెనక చోటు కొలుస్తున్నాం.