మదనపల్లెలో సీసా లోపలి లెక్క
మదనపల్లె మార్కెట్‌లో టమాటా క్రేట్ల మధ్య దారి చేసుకుంటూ పెద్దమ్మ ప్యూరీ యూనిట్‌కి వెళ్లాను. బాగా పండిన టమాటాకి పీహెచ్ 4.6 దాటొచ్చు. అందుకే సిట్రిక్ యాసిడ్ కలిపి 4.2కి దించుతారు. బొటులినమ్ పెరగకుండా ఆపేది ఆ పులుపే. పులుపుని తట్టుకునే క్రిములు చావాలంటే మాత్రం వేడి కావాలి.

"నీళ్లు 93 ఉన్నాయి కదా నాయనా" అంది పెద్దమ్మ.

సీసా మధ్యలో ప్రోబ్ పెట్టి చూశా: 84.4. వాళ్ల ప్యూరీకి పెట్టుకున్న లెక్క 93.3 డిగ్రీల దగ్గర 1 నిమిషం. 8.9 డిగ్రీలు తగ్గితే టైమ్ 10 రెట్లు, అంటే 10 నిమిషాలు. ఇచ్చింది నాలుగే.

నా కోడ్‌లో బగ్ వస్తే ప్యాచ్ వేస్తా. తినేసిన సీసాకి ప్యాచ్ ఉండదు.

పెద్దమ్మ ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టేసింది. "ఇకమీదట సీసా లోపల వేడెంతో చూశాకే టైమ్ లెక్కపెడదాం" అంది.