అక్క హ్యాండ్‌బ్యాగు

మా అక్క హ్యాండ్‌బ్యాగులో ఏముంటాయో కళ్లు మూసుకుని చెప్పేయగలను. తలనొప్పి మాత్రలు, బొట్టుబిళ్లల అట్ట, నాలుగు పిన్నీసులు, చిన్నోడి కోసం చాక్లెట్లు. చిన్నోడంటే అక్క కొడుకు. నాలుగేళ్లు. బ్యాగు కనిపిస్తే చాలు, చెయ్యి పెట్టేస్తాడు.

సెలవు పెట్టి టెక్సాస్‌లో వాళ్లింటికి వెళ్లాక తెలిసింది, ఆ బ్యాగులోకి కొత్త వస్తువు రాబోతోందని. పిస్తోలు!

బావ అక్కడ గ్యాస్ స్టేషన్ నడుపుతాడు. రాత్రి లెక్కలు చూసి, డబ్బు సంచీతో కారు దాకా వెళ్లేది అక్కే. ఒకరోజు ఇద్దరు ఆమె వెంటపడ్డారు. పరిగెత్తి తలుపేసుకుంది. ఏమీ కాలేదుగానీ, ఆ రోజు నుంచీ నిద్ర కరవైంది.

మన దగ్గరైతే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ ఉంచుకోకూడదు. అక్కడ అలా కాదు. 21 ఏళ్లు నిండి, చట్టపరమైన నిషేధం లేనివాళ్లు లైసెన్సు లేకుండానే వెంట పెట్టుకోవచ్చు. 2021 సెప్టెంబరులో వచ్చిన వెసులుబాటు ఇది. అక్కకి పౌరసత్వం ఉంది. రూగర్ ఎల్‌సీపీ అనే బుల్లి పిస్తోలు కొనేసింది. తూటాలు లేకుండా 270 గ్రాములుంటుందేమో. అరచేతిలో ఇమిడిపోతుంది.

‘‘చీర కొన్నాక మ్యాచింగ్ జాకెట్టు కొనాలి కదే!’’ అంటూ నన్నూ చిన్నోణ్నీ దుకాణానికి లాక్కెళ్లింది.

అక్కడ చూడాలి... ఎర్రచుక్క పడే లేజర్లు, రంగురంగుల పిడి తొడుగులు, బెల్టులు! నా కళ్లు మాత్రం ఓ మెరూన్ రంగు తోలు బ్యాగు మీద పడ్డాయి. పక్కన జిప్పు, లోపల పిస్తోలుకి ప్రత్యేకంగా అర. ‘‘అక్కా, ఇది తీసుకో. ఎవరూ కనిపెట్టలేరు’’ అన్నాను.

కౌంటర్ దగ్గరున్న పెద్దాయన చిన్నోడి వంక చూశాడు. బ్యాగు తీసి వెనక్కి పెట్టేశాడు. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలో జరిగిన సంగతి చెప్పాడు. ఓ తల్లి రెండేళ్ల కొడుకుతో షాపింగ్‌కి వెళ్లింది. పక్కనున్న ఆమె బ్యాగులోంచి వాడు పిస్తోలు అందుకున్నాడు. పేలింది. తల్లి అక్కడికక్కడే చనిపోయింది. అదీ ఇలా ప్రత్యేకమైన అరతో చేసిన బ్యాగే!

నాకు నోట మాట రాలేదు.

‘‘ముందు కొనాల్సింది హోల్‌స్టర్’’ అన్నాడాయన. అంటే ఒర. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసింది చూపించాడు. అది ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పేస్తుంది. అక్క కొన్న పిస్తోలుకి వేలితో వేసే సేఫ్టీ మీట లేదు. బ్యాగులో విడిగా పడేస్తే తాళంచెవో పెన్నో ట్రిగ్గర్‌కి తగిలినా ప్రమాదమే. మెత్తటి ఒరైతే మూతి ముడుచుకుపోయి, పిస్తోలు తిరిగి పెట్టేటప్పుడు ట్రిగ్గర్‌కి అడ్డుపడొచ్చు. ఒర కదలకుండా ఉండాలంటే నడుముకి గట్టి బెల్టు కావాలి.

‘‘చుడీదార్‌కి బెల్టెక్కడ పెట్టుకోనే?’’ అంది అక్క నా చెవిలో. ఆ రోజు మేం నవ్వింది అప్పుడొక్కసారే. చివరికి దుకాణానికి వెళ్లేటప్పుడు జీన్సే వేసుకోవాలని తేల్చుకుంది.

ఒర, బెల్టు తీసుకున్నాం. ఆఖరున అంకెలు నొక్కితే తెరుచుకునే చిన్న ఇనప్పెట్టె కూడా. 17 ఏళ్లలోపు పిల్లలకి తూటాలున్న తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే టెక్సాస్‌లో నేరం. చట్టం సంగతి అలా ఉంచితే, మా చిన్నోడి చెయ్యి గురించి మాకు తెలుసు కదా! లేజర్ జోలికి వెళ్లలేదు.

ఇంటికొచ్చాక బావ ఆ పెట్టెని బీరువా పై అరలో మరలతో బిగించాడు. ‘‘రాత్రి సంచీ ఇకనుంచి నేనే తెస్తాలే’’ అన్నాడు నెమ్మదిగా. ఆ మాట ముందే అనుంటే ఇదంతా ఉండేది కాదేమో అనిపించింది. పైకి అనలేదు.

‘‘ఇప్పుడు ధైర్యంగా ఉందా అక్కా?’’ అనడిగాను పడుకునే ముందు.

‘‘బయటి భయం కాస్త తగ్గిందే. ఇంట్లో భయం ఇవాళే మొదలైంది’’ అంది.

మర్నాడు పొద్దున సోఫాలో ఉన్న బ్యాగులో చిన్నోడు చెయ్యి పెట్టాడు. పిస్తోలు పెట్టెలో ఉందని తెలుసు. పెట్టెకి తాళం పడిందనీ తెలుసు. అయినా ఊపిరి బిగబట్టాను.

‘‘పిన్నీ, చాక్లెట్!’’ అన్నాడు వాడు, చెయ్యి పైకెత్తి చూపిస్తూ.