నాన్న కంప్యూటర్‌లో అంతర్వేది రథం

మొన్న సంక్రాంతికి రాజోలు దగ్గరున్న మా ఊరు వెళ్లాను. భోగి నాటి రాత్రి, వంటిల్లు సర్దేసి పడుకోబోతుంటే హాల్లోంచి చప్పుడు. టక్... టక్... కాసేపు ఆగి మళ్లీ టక్. బల్లి కాదు, గోడ గడియారం కాదు. నాన్న కంప్యూటర్!

‘ఎన్నాళ్లనుంచి ఇలా అంటోంది నాన్నా?’ అన్నాను.

‘దీపావళి నుంచి అమ్మలూ. కాసేపు వదిలేస్తే అదే సర్దుకుంటుంది’ అన్నారు, మోకాళ్ల నొప్పి గురించి చెప్పినంత తేలిగ్గా.

నాన్న రిటైరైన స్కూలు మాస్టారు. 2012లో కొన్న ఆ కంప్యూటర్‌ని ఇప్పటికీ రోజూ గుడ్డతో తుడుస్తారు. పాటలు, పద్యాలు, పెన్షన్ కాగితాలు... అన్నీ అందులోనే. అన్నిటికన్నా ముఖ్యమైనవి ఆయన తీసిన పాత ఫొటోలు. అందులో ఒకటుంది. 1994 భీష్మ ఏకాదశి. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం. ఆ చక్రం పక్కన బామ్మ. బామ్మ కొంగు పట్టుకుని అయిదేళ్ల నేను.

బామ్మ 2003లో పోయింది. దాదాపు అరవై ఏళ్లపాటు ఊరేగిన ఆ టేకు రథం 2020 సెప్టెంబర్‌లో ఒక రాత్రి షెడ్డులోనే కాలిపోయింది. కొత్త రథం చేయించారు, 2021 ఫిబ్రవరి నుంచి దాన్నే లాగుతున్నారు. కానీ నాన్న ఫొటోలో ఉన్నది పాతది. నెగెటివ్‌లు 1996 నవంబర్ తుపానులో తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆల్బమ్‌కి బూజు పడుతోందని అన్నిటినీ స్కాన్ చేయించి, ఆ ఆల్బమ్ కాస్తా పారేశారు. వాట్సాప్‌లో ఒకసారి పంపారుగానీ, అది చిన్నదైపోయి వచ్చింది. పెద్దది చేస్తే బామ్మ ముఖం మసకగా మరకలా కనిపిస్తుంది.

అంటే, రథం కాలిపోయాక, బామ్మ వెళ్లిపోయాక, ఆ ఇద్దరూ సరిగ్గా ఉన్న చోటు లోకంలో ఒక్కటే. అదే ఇప్పుడు టక్కు టక్కుమంటోంది.

ముందు ఆపేయండి!

మర్నాడు పండగ. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఊరంతా వెళ్తే నేను వెళ్లలేదు. ఆ మర్నాడు నాన్నను తీసుకుని అమలాపురం వెళ్లాను. ‘ఎస్‌ఎస్‌డీ కావాలి’ అన్నాను, దుకాణంలో కుర్రాడితో. కొత్తది కొనేస్తే పాత సమస్య పోతుందనుకున్నాను.

‘ఆయ్, ఇస్తానండి. కానీ ముందు ఇంట్లో ఉన్నది ఆన్ చేయకండి మేడమ్‌గారూ’ అన్నాడు. ‘ఆ చప్పుడు వచ్చేటప్పుడు ఆన్ చేసిన ప్రతిసారీ ఇంకాస్త పోతుందండి.’

విషయం ఏమిటంటే, హార్డ్‌డిస్క్ లోపల అద్దాల్లా మెరిసే పళ్లేలు ఉంటాయి. మామూలు డెస్క్‌టాప్‌లో అవి నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. వాటి మీద, తగలకుండా, తల వెంట్రుక మందం కన్నా వేల రెట్లు తక్కువ ఎత్తులో ఒక చిన్న ముల్లు కదులుతుంటుంది. గ్రామఫోన్ గుర్తుందా? ఇంచుమించు అలాంటిదే. ఆ ముల్లు తన చోటు కనుక్కోలేక వెనక్కీ ముందుకీ కొట్టుకుంటుంటే వచ్చే చప్పుడే ఈ టక్ టక్. 1956లో ఐబీఎం తయారు చేసిన మొదటి హార్డ్‌డిస్క్‌లో ఇలాంటి పళ్లేలు 50 ఉండేవి. మొత్తం కలిపినా 5 ఎంబీ పట్టేది కాదు. ఇప్పటి సెల్‌ఫోన్ ఫొటో ఒక్కటి దాంట్లో కష్టమ్మీద దిగుతుంది.

ఎస్‌ఎస్‌డీలో పళ్లెం లేదు, ముల్లు లేదు, తిరిగేదే లేదు. పెన్‌డ్రైవ్‌లో ఉండే ఫ్లాష్ మెమరీయే కాస్త పెద్ద ఎత్తున, ఇంకాస్త తెలివైన చిప్పుతో. జపాన్‌లో తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా 1980ల్లో కనిపెట్టినది. కింద పడితే హార్డ్‌డిస్క్ కన్నా బాగా తట్టుకుంటుంది. చప్పుడు చేయదు. వేగం మాట చెప్పనే అక్కర్లేదు.

ఏది కొనాలి?

కుర్రాడు బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా, పల్చటి పెట్టెలా ఉంది. రెండోది చూయింగ్ గమ్ ముక్కలా సన్నగా, పొడుగ్గా ఉంది. ‘రెండోదే కొత్త రకం కదా, అదివ్వు’ అన్నారు నాన్న.

‘మీ కంప్యూటర్ ఎప్పటిదండి మాస్టారూ?’

‘2012.’

‘అయితే దీన్ని పెట్టుకోవడానికి దాంట్లో చోటు ఉండదండి, ఆయ్.’

చూయింగ్ గమ్ లాంటి దాన్ని ఎం.2 అంటారు. అందులోనూ రెండు రకాలు. ఎన్‌వీఎంఈ రకం సెకనుకు 3,500 ఎంబీ, కొన్నయితే 7,000 ఎంబీ దాకా చదువుతాయి. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే సాటా రకం 550 దగ్గరే ఆగిపోతుంది. మీ మదర్‌బోర్డు దేన్ని తీసుకుంటుందో తెలుసుకోకుండా కొంటే డబ్బు దండగ. పాత కంప్యూటర్లకు సరిపోయేది పల్చటి పెట్టె, అంటే రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. అది కూడా సెకనుకు 550 ఎంబీ వరకూ ఇస్తుంది. నాన్న పాత డిస్క్ కొత్తలో కూడా 150 దాటి ఉండదు.

ఇంకో రెండు మాటలు కుర్రాడు డబ్బా మీద వేలు పెట్టి చూపించాడు. ఒకటి టీఎల్‌సీ, క్యూఎల్‌సీ అన్నది. ఒక్కో గదిలో మూడు బిట్లు దాచేది టీఎల్‌సీ, నాలుగు కుక్కేది క్యూఎల్‌సీ. రెండోది చవక, కానీ ఎక్కువ రాస్తే త్వరగా నెమ్మదిస్తుంది, త్వరగా అరుగుతుంది. రెండోది టీబీడబ్ల్యూ. జీవితకాలంలో దాని మీద ఎంత రాయొచ్చో కంపెనీ ఇచ్చే లెక్క అది. మేం చూసిన 500 జీబీ డ్రైవ్‌కి 300 టీబీ అని ఉంది. లెక్కల మాస్టారు ఊరుకుంటారా? రోజుకు 20 జీబీ రాసినా 15,000 రోజులు, అంటే 41 ఏళ్లు అని నోటితోనే తేల్చేశారు. ‘నాకు చాల్లే’ అన్నారు నవ్వుతూ. వారంటీ మాత్రం అయిదేళ్లే.

ధరల గురించి చెప్పాలంటే, ఏఐ డేటా కేంద్రాలు మెమరీ చిప్పుల్ని ఎగబడి కొంటుండటంతో 2025 చివర్నుంచి అవి పెరిగాయి. అందుకే, ఎక్కడైనా మరీ కారుచవకగా ‘16 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ’ అని కనిపిస్తే ఆశపడకండి. అలాంటివాటి లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, పైకి మాత్రం పెద్ద అంకె చూపించేలా మార్చేస్తారు. నిండాక పాతవాటి మీదే కొత్తవి రాసేసుకుంటూ పోతుంది. తెరిచి చూసేదాకా పోయాయని తెలియదు.

‘ఇందులో పెడితే ఇక పోవుగా?’

నాన్న అడిగిన ఈ ప్రశ్నకు కుర్రాడు అవునని చెప్పి డబ్బు తీసుకోవచ్చు. అతను అలా చేయలేదు.

‘ఇదీ పోతుందండి. అదైనా పోయే ముందు అరిచింది. ఇది అరవదండి’ అన్నాడు.

నేనూ అక్కడే ఆగిపోయాను. నిజమే. హార్డ్‌డిస్క్ చాలాసార్లు మూలుగుతుంది, నెమ్మదిస్తుంది. ఎస్‌ఎస్‌డీ నిన్నటిదాకా చక్కగా పనిచేసి, ఇవాళ ఉన్నట్టుండి కనిపించకుండా పోవచ్చు. పొరపాటున చెరిపేస్తే తిరిగి రాబట్టడమూ కష్టమే. చెరిపిన చోటును ట్రిమ్ అనే ఏర్పాటు దానంతటదే ఖాళీ చేసేస్తుంది. పైగా బీరువాలో పెట్టి ఏళ్ల తరబడి మరిచిపోవడానికి ఇది పనికిరాదు. ఇందులో సమాచారం విద్యుదావేశంగా నిలబడుతుంది. ఇళ్లలో వాడే డ్రైవ్‌లకు ప్రమాణం ఏమిటంటే, రాత పరిమితి పూర్తిగా వాడేశాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది నిలిస్తే చాలు. కొత్త డ్రైవ్‌లో అంతకన్నా ఎక్కువే నిలుస్తుంది కానీ, వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. మన అటకల మీద మే నెల వేడి మీకు తెలియనిది కాదు.

పోనీ, ఇంటర్నెట్‌లోనే దాచేస్తే? మంచిదే, అదీ ఒక చోటు. కానీ 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో రోజుల తరబడి నెట్ ఆగిపోయింది. దాచినవి ఎక్కడికీ పోలేదు, అందుబాటులో మాత్రం లేవు. అంతే తేడా.

తిరుగు ప్రయాణంలో నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: ‘1986 వరదప్పుడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలో మన పాత ఇల్లు మునిగింది. తాతయ్య ఫొటో ఒక్కటే ఉండేది, గోడ మీద. అది పోయింది. కొత్తపేటలో అత్తయ్యకి ఒక కాపీ ఇచ్చి ఉంటే ఇవాళ నువ్వు మీ ముత్తాతని చూసేదానివి.’

మూడు చోట్ల

ఆ రాత్రి పాత డిస్క్‌ని ఊడదీసి, దుకాణంలో తెచ్చిన తీగతో నా ల్యాప్‌టాప్‌కి కలిపాను. ముందు ఫొటోల ఫోల్డరు ఒక్కటే. ఒక్కొక్కటే వచ్చాయి, నిమిషాలు నిమిషాలు ఆగుతూ. తెల్లవారుజామున నాలుగింటికి అంతర్వేది ఫొటో తెరుచుకుంది. రథం, చక్రం, బామ్మ, నేను. నాన్నని లేపాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, ‘ఆ గౌను మీ అమ్మ కుట్టింది’ అన్నారు.

మొత్తం 214 ఫొటోల్లో 9 తెరుచుకోలేదు. ఒకటి సగమే వచ్చింది. అరుగు మీద కూర్చుని బామ్మ పనసపొట్టు కొడుతున్న ఫొటో అది. ఇంటి చూరు, బామ్మ కొప్పు కనిపిస్తున్నాయి. దాని కింద అంతా బూడిదరంగు.

‘ముఖం ఎలా ఉండేదో నాకు తెలుసులే’ అన్నారు నాన్న. నాకూ గుర్తుంది. కానీ మా పాపకి తెలియదు కదా!

ఇప్పుడు నాన్న కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌డీ ఉంది. నాలుగు నిమిషాలు పట్టేది అర నిమిషంలో తెరుచుకుంటోంది. విండోస్ 10కి కంపెనీ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఎంత వేగం వచ్చినా ఆ లోటు తీరదు కాబట్టి, బ్యాంకు పనులు అందులో చేయొద్దని చెప్పాను. అవే ఫొటోలు ఒక కొత్త పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌లో కొత్తపేట అత్తయ్య బీరువాలో ఉన్నాయి. ఇంకో కాపీ హైదరాబాద్‌లో నా దగ్గరా, నెట్‌లోనూ ఉంది. మీ ఇంట్లోనూ అంతే చేయండి. పనికి ఎస్‌ఎస్‌డీ, దాచడానికి మరో డిస్క్, ఊరు దాటిన చోట ఇంకో కాపీ. ఏడాదికోసారి అన్నిటినీ తెరిచి చూసుకోవాలి.

ఆ రోజు ఎప్పుడు పెట్టుకుందామని నాన్నని అడిగాను. ఆయన క్యాలెండర్ తీసి, భీష్మ ఏకాదశి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు.