మా గురబ్‌కు తాత నేర్పిన ముడి

మన నాందేడ్‌కు గోదావరి ఉంది గానీ సముద్రం లేదు. అది ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. మా ఇంట్లో తాతతో సహా ఎవ్వరూ సముద్రాన్ని చూడలేదు. అయినా పోయిన ఏడాది పాఠశాల ప్రదర్శన కోసం నేను చెక్కతో ఒక యుద్ధ ఓడ నమూనా చేశాను. ఆ ఓడ పేరు గురబ్. ఇక్కడివాళ్ళు ఆర్‌మార్ అని పిలిచే మరాఠా నౌకాదళంలో అది ముఖ్యమైన ఓడ.

1657లో కల్యాణ్, భీవండి శివాజీ మహారాజు చేతికి వచ్చాయి. ఆ తర్వాత అక్కడి సముద్రపు పాయల్లో ఆయన ఓడలు కట్టించాడు. భీవండి అనగానే మన తెలుగువాళ్ళకు సాంచాలే గుర్తొస్తాయి. మా బంధువులు కూడా అక్కడ సాంచాల మీద పనిచేస్తారు. బట్ట నేసే ఆ ఊళ్ళో ఒకప్పుడు యుద్ధ ఓడలు తయారయ్యాయని చదివి నాకు భలే ఆశ్చర్యం వేసింది. నమూనా చేయాలనే ఆలోచన అక్కడే పుట్టింది.

తర్వాతి కాలంలో ఆ నౌకాదళానికి గొప్ప నాయకుడు కాన్హోజీ ఆంగ్రే. 1721లో ఇంగ్లీషువాళ్ళు, పోర్చుగీసువాళ్ళు కలిసి అలీబాగ్ దగ్గర ఆయన కొలాబా కోట మీదికి వచ్చి కూడా గెలవలేకపోయారు. 1729లో చనిపోయేదాకా ఆయన ఎవరికీ లొంగలేదు. ముంబయిలోని మన నౌకాదళ స్థావరానికి ఇప్పుడు ఐఎన్ఎస్ ఆంగ్రే అని ఆయన పేరే ఉంది.

ఆ విజయాల్లో ఓడల తీరుకూ భాగం ఉంది. గురబ్ వెడల్పుగా ఉంటుంది, నీళ్ళలో ఎక్కువ లోతు మునగదు. పెద్ద పెద్ద విదేశీ ఓడలు రాలేని తక్కువ లోతు నీళ్ళలోకి కూడా అది పోగలదు. దాని ముందు భాగం పక్షి ముక్కులా పొడుచుకొని ఉంటుంది. ఆ ముక్కు మీదుగా పేల్చడానికి రెండు ఫిరంగులు ముందుకే గురిపెట్టి ఉంటాయి. గాలి ఆగిపోతే గల్బత్ అనే చిన్న ఓడలు 40, 50 తెడ్లు వేసుకుంటూ గురబ్‌ను లాక్కుపోయేవి.

మా మామయ్యది ఫర్నిచర్ పని. ఆయన నాకు టేకు ముక్కలు ఇచ్చాడు. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి నీటికి తొందరగా పాడవదు, పురుగు పట్టదు. అందుకే మన దేశంలో ఓడలకు అది పేరున్న కలప. ముందుగా వెన్నెముకలాగా పొడవైన అడుగు చెక్క పెట్టాను. దానికి పక్కటెముకల్లా వంపు ముక్కలు అతికించాను. వాటిమీద సన్నని వెదురు బద్దలను నీళ్ళలో నానబెట్టి, వంచి, ఫెవికాల్‌తో ఒక్కొక్కటే అంటించాను. పాలిష్ కాగితంతో రుద్దేసరికి 45 సెంటీమీటర్ల ఓడ తయారైంది. దీనికే ఒక నెల పట్టింది.

అసలు పని తాళ్ళ దగ్గర మొదలైంది. ఓడ కొయ్యలు ఊరికే నిలబడవు. ముందు నుంచి ఒక తాడు, వెనక నుంచి ఒక తాడు, రెండు పక్కల నుంచి మరికొన్ని తాళ్ళు లాగి పట్టుకుంటేనే అవి గాలికి ఆగుతాయి. ఒక పక్క ఎక్కువ లాగితే కొయ్య అటే ఒరిగిపోతుంది. అందుకని కుడివైపు ఒకటి కడితే, ఎడమవైపు ఒకటి కట్టాలి. తెరచాపను ఎత్తడానికి, దించడానికి, తిప్పడానికి కట్టే తాళ్ళు ఇవి కాక వేరే. సన్నని నూలు దారం పదేపదే తెగుతోంది. తెగిన చోట మామూలు ముడి వేస్తే లావుగా గడ్డలా కనిపిస్తోంది.

మా తాత మిల్లులో నేత పనిచేశాడు. మిల్లు మూతబడ్డాక మళ్ళీ దారం ముట్టలేదు. మా నాన్న ఆటో నడుపుతాడు, ఆయనకు నేత రాదు. “నా పని నాతోనే పోతది బిడ్డా” అని తాత అప్పుడప్పుడు అంటుంటాడు. ఇప్పుడు మోతిబిందు వచ్చి కళ్ళు సరిగా కనిపించవు. ఆ రోజు నా అవస్థ విని, “ఇటు తే” అని చెయ్యి చాపాడు. తెగిన రెండు కొసలు వేళ్ళతో తడుముకున్నాడు. నేను చూసేలోపే ముడి పడింది, బియ్యపు గింజలో సగం కూడా లేదు.

“మళ్ళీ వెయ్యి తాతా, మెల్లగ” అన్నాను. ఒక పోగును మడిచి ఉచ్చులా పట్టుకోవాలి. రెండో పోగును కింది నుంచి ఆ ఉచ్చులోకి తేవాలి. ఉచ్చు రెండు కాళ్ళ వెనక నుంచి తిప్పి, మళ్ళీ తన కిందనుంచే దూర్చి లాగాలి. “పడుగు పోగు తెగితే ఇట్లనే కట్టాలె. ముడి లావైతే పన్నెల ఇరుకుతది, మళ్ళ తెగుతది” అన్నాడు. దారానికి కొవ్వొత్తి మైనం పూస్తే నూగు లేవదని కూడా ఆయనే చెప్పాడు.

ఆ ముడి నేను ఎక్కడో చూసినట్టు అనిపించింది. మా స్కౌట్ పుస్తకం తీసి చూస్తే అదే ఉంది. పేరు షీట్ బెండ్. రెండు తాళ్ళను కలపడానికి ఓడవాళ్ళు వాడే ముడి. ఒకటి లావు, ఒకటి సన్నం అయినా పట్టుకుంటుంది. దానికే నేత ముడి అని ఇంకో పేరు. ఓడ మీద ఉన్నవాళ్ళూ, మగ్గం ముందు కూర్చున్నవాళ్ళూ ఒకే ముడి వేశారన్నమాట! తెరచాప కూడా నేసిన బట్టే కదా. పుస్తకంలో బొమ్మను తాతకు చదివి వినిపించాను. “సముద్రంల గూడ మన ముడేనా?” అని రెండుసార్లు అడిగాడు. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం ఆయనే నన్ను పిలిచి, “ఓడ తే” అనేవాడు. చివరి తెరచాప కట్టేదాకా నా పక్కనే కూర్చున్నాడు.

ప్రదర్శనకు వచ్చినవాళ్ళు ఎక్కువగా ఫిరంగుల గురించే అడిగారు. నేను మాత్రం ప్రతి ఒక్కరికీ ముడులు చూపించాను. చిన్న తరగతుల పిల్లలు నలుగురు దారం ముక్కలతో అక్కడే కూర్చొని నేర్చుకున్నారు. వాళ్ళలో ఇద్దరికి నేను చెప్పకుండానే సరిగ్గా పడింది. వాళ్ళ ఇళ్ళల్లోనూ నేతపని ఉండేదట.

తాత కంటి ఆపరేషన్ ఇంకా కాలేదు. గురబ్ ఇప్పుడు మన పాఠశాల అద్దాల అల్మారాలో ఉంది. ఎప్పుడైనా దాని దారం తెగితే నన్ను పిలవండి. నేను లేకపోతే ఆ నలుగురిలో ఎవరినైనా పిలవండి. వాళ్ళకూ వచ్చు.