నడుం ఒకవైపు ఒరిగితే

పరికిణీ అంచు ఒకవైపు పైకి లేస్తే ముందు దర్జీకి, తర్వాత పిల్లకు తిట్లు! నా దగ్గరకు వచ్చే తల్లులతో, తిట్టడం మాని పిల్లను కూర్చోబెట్టి వీపు చూడమంటాను. కాళ్ళ పొడవులో తేడా వల్ల కటి ఒరిగి వచ్చిన వంపయితే కూర్చోగానే సర్దుకుంటుంది. తర్వాత మోకాళ్ళు మడవకుండా ముందుకు వంగమనండి. వీపు ఒక పక్క ఉబ్బితే వెన్నెముక మెలితిరిగి ఉండవచ్చు. దాన్నే స్కోలియోసిస్ అంటారు. ఎక్స్‌రే తీయించాలి. పాపం, పుస్తకాల సంచిని ఆడిపోసుకోకండి, దానివల్ల రాదు. వంపు 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండి, పిల్ల ఇంకా ఎదుగుతుంటే, అది పెరగకుండా బ్రేసు వేస్తాం. రోజుకు ఎక్కువ గంటలు వేసుకున్నవారికే ఎక్కువ మేలని 2013లో వెలువడిన అమెరికా, కెనడా పరిశోధన తేల్చింది. పెళ్ళీడుకు చూద్దాంలే అనే బామ్మలున్నారు. రజస్వల అయిన రెండేళ్ళకే ఎముకల ఎదుగుదల చాలావరకు ముగుస్తుంది. ఆ తర్వాత బ్రేసు వేసి లాభంలేదు.