మన నాయనమ్మ

తెనాలి పట్టణంలో మూడు కాలువలు ప్రవహిస్తాయి. వాటిలో ఒకదాని గట్టుకు దగ్గరగా, రెండు సైకిళ్ళు పక్కపక్కన పట్టే వీధిలో ఒక చిన్న డాబా ఇల్లు ఉంది. ఇంట్లో నలుగురే మనుషులు. తండ్రి బ్యాంకు ఉద్యోగి. తల్లి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని. డెబ్బై ఏళ్ళు దాటిన నాయనమ్మ, ఆమె కొంగు పట్టుకొని తిరిగే నాలుగేళ్ళ పాప. బారసాలనాడు పెట్టిన పేరు వేరే ఉన్నా ఆ బిడ్డ ఇంటికీ వీధికీ పాపే.

ఆ ఇంట్లో అందరికంటే ముందు మేల్కొనేది పాప. లేచింది మొదలు ఆమెకు తీరిక ఉండదు. మొదట నాయనమ్మ మంచం ఎక్కి, ఆమె నిద్రపోతున్నదో నటిస్తున్నదో రెప్పలు పైకెత్తి పరీక్షిస్తుంది. తరువాత దొడ్లోని మందారచెట్టుకు ఎన్ని పూలు పూచాయో లెక్క పెడుతుంది. ఆమె లెక్కలో ఐదు తరువాత ఎనిమిది వస్తుంది కాబట్టి పూలు ఎప్పుడూ ఎక్కువే. ఇంతలో వీధిలో సైకిలు గంట వినబడుతుంది. పాలాయన వచ్చాడన్న మాట. గిన్నె చేతబట్టి గుమ్మంలోకి ఒకే పరుగు.

ఒకనాటి ఉదయం అతడు పాలు కొలుస్తూ, "నాన్నగారు లేచారా పాపా?" అని అడిగాడు.

"మన నాన్న ఇంకా బజ్జున్నాడు పాలమామా" అన్నది పాప.

అతడు పగలబడి నవ్వాడు. తెల్లవారుజామున లేచి, గేదెలకు మేత వేసి, పాలు పితికి, పొరుగూరి నుంచి చలిలో సైకిలు తొక్కుకొంటూ వచ్చిన మనిషికి అప్పనంగా ఒక తండ్రి దొరకడం వింతే కదా! "మన నాన్న లేవగానే పాల డబ్బులు ఇమ్మని చెప్పు" అని వెళ్ళిపోయాడు. ఆ ముచ్చటను తరువాతి నాలుగు ఇళ్ళలోనూ చెప్పాడు. నాటి నుంచి వీధిలోని వారందరూ పాపను పలకరించి ఆ మాట అనిపించుకొనేవారు. గ్యాసు బండ తెచ్చిన కుర్రవాడికి పాప 'మన అమ్మ'ను చూపింది. దారి తెలియక ఆగిన ఆటో డ్రైవరును 'మన ఇంట్లో' మంచినీళ్ళు తాగమన్నది.

తెలుగు తెలిసిన వారికి ఇందులోని చమత్కారం వెంటనే బోధపడుతుంది. తెలుగులో ఉత్తమ పురుష బహువచనానికి రెండు రూపాలున్నాయి. వినే వ్యక్తిని కలుపుకొంటే 'మనం', విడిచిపెడితే 'మేము'. 'మనం సినిమాకు వెళ్తున్నాం' అంటే వింటున్నవాడు కూడా చెప్పులు తొడుక్కోవచ్చు. 'మేము సినిమాకు వెళ్తున్నాం' అంటే అతడు తన ఇంటికి తాను వెళ్ళాలి. సంస్కృతంలోని 'వయమ్'కు గాని, హిందీలోని 'హమ్'కు గాని ఈ భేదం తెలియదు. తమిళంలో 'నామ్', 'నాంగళ్' అనీ, మరాఠీలో 'ఆపణ్', 'ఆమ్హీ' అనీ రెండు మాటలు ఉన్నాయి. ఇంత సున్నితమైన గీతను ఎవరు ఎప్పుడు నేర్పారని అడిగితే ఏ తెలుగువాడూ చెప్పలేడు. చిన్నయసూరి 'బాలవ్యాకరణం' చదివి నేర్చుకొన్నవారు ఉండరు. పేరులో బాలుడున్నా ఆ గ్రంథం పలకా బలపం పట్టిన బాలుర కోసం రాసినది కాదని, దానితో కుస్తీ పట్టిన విద్యార్థులకు బాగా తెలుసు. పిల్లలు ఆ గీతను అన్నం తింటూ, అలుగుతూ, ఆడుకొంటూ ఇంట్లోనే నేరుస్తారు. నేర్చేవరకు కొంతకాలం వారికి ఎదురుపడిన ప్రతివారూ 'మన'లోనే ఉంటారు.

ఆ వయస్సు మాటలను వచ్చీరాని మాటలని తీసిపారేస్తారు గాని, వాటిలో గట్టి తర్కం ఉంటుంది. 'తినను', 'చూడను', 'పడుకోను' అనగలిగిన పాప, స్నానానికి పిలిస్తే 'వచ్చను' అంటుంది. 'రాను' అనాలని తల్లి దిద్దుతుంది. 'వస్తాను' అనే మాటకు వ్యతిరేకం 'రాను' ఎందుకయిందో ఆ తల్లి కూడా చెప్పలేదు. నిజానికి పాప సూత్రాన్ని సరిగానే పట్టింది, క్రియే దారి తప్పింది. రష్యన్ రచయిత కొర్నేయ్ చుకోవ్‌స్కీ ఇలాంటి పసిమాటలను ఏళ్ళ తరబడి ఏరి 'రెండు నుంచి ఐదు వరకు' అనే గ్రంథాన్ని కూర్చాడు. ఆ వయస్సులో ప్రతి బిడ్డా భాష విషయంలో ప్రతిభాశాలి అని ఆయన అభిప్రాయం. కాలం విషయంలో మాత్రం పాప పద్ధతి మరీ సులభమైనది. జరిగినదంతా 'నిన్న', జరగవలసినదంతా 'రేపు'. పోయిన సంక్రాంతి నిన్న. తాను పుట్టినదీ నిన్ననే. రేపు వాన వస్తుంది, రేపు పుట్టినరోజు వస్తుంది, రేపు తాను అమ్మ అంత పొడుగవుతుంది.

రాత్రి భోజనం మేడమీద. నాయనమ్మ పప్పూ నెయ్యీ వేసి మెత్తగా పిసికి ముద్దలు చేస్తుంది. 'ఇది అమ్మ ముద్ద, ఇది నాన్న ముద్ద' అంటూ తినిపించడం తెలుగు ఇళ్ళలో తరతరాల అలవాటు. తినేది ఒక్కరే అయినా పంక్తిలో చుట్టాలందరూ కూర్చుంటారు. పాప ఆ పంక్తిని ఇంకా పొడిగించింది. పెదనాన్న ముద్ద, పెద్దమ్మ ముద్ద అయిన తరువాత పాలమామ ముద్ద, గ్యాసు బండ మామ ముద్ద, గోడమీది పిల్లి ముద్ద. అన్నం అయిపోయేది గాని మనుషులు అయిపోయేవారు కారు. ఒక రాత్రి పాప ఉన్నట్టుండి "తాతయ్య ముద్ద ఏది?" అని అడిగింది. తాతయ్య ఆమె పుట్టకముందే పోయాడు, గోడమీది పటంలోనే తెలుసు. నాయనమ్మ చెయ్యి కంచంలో క్షణకాలం ఆగింది. తరువాత ఏమీ అనకుండా ముద్ద చేసి నోటికి అందించింది. ఆ ముద్ద మిగిలినవాటికంటే కొంచెం పెద్దది.

పోతన భాగవతం దశమస్కంధంలో మన్ను తిన్న బాలుని నోట యశోద సకల విశ్వాన్నీ చూస్తుంది. ఆ విశ్వంలో తన పల్లెనూ, అక్కడ నిలిచి ఉన్న తననూ కూడా చూసి ఆమె విస్తుపోతుంది. ఆ ఘట్టాన్ని పండితులు వేదాంతపరంగా వ్యాఖ్యానిస్తారు, అది తగినదే. అయితే మేడమీద వెన్నెలలో నోరు తెరిచి కూర్చున్న పసిబిడ్డకు అన్నం పెట్టే ముసలమ్మకు ఆ ఘట్టం వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది. ఊరంతా పట్టే ఆ నోటిలో ఆమెకూ ఒక చోటు ఉంది.

చోటు అన్న మాట ఊరికే రాలేదు. నాయనమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. భర్త పోయిన తరువాత ఆమె ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ ఉంటున్నది. కోడళ్ళిద్దరూ మంచివారే. మందులు వేళకు అందుతాయి, పండుగకు చీర అందుతుంది. ఇలాంటి ఏర్పాటు నేడు ఎన్నో కుటుంబాలలో ఉంది. దానిని తప్పుపట్టడం తేలిక. మారుగా ఏమి చేయాలో చెప్పడమే కష్టం. అయినా ఆ ఏర్పాటుకు వాడే మాట మాత్రం చెవికి ఇంపుగా ఉండదు. కాలువ నీటికి వంతు ఉంటుంది, రాత్రి కాపలాకు వంతు ఉంటుంది, తల్లికి కూడా వంతే.

"ఈ నెలాఖరుకు మన వంతు అయిపోతుంది కదా, బావగారితో మాట్లాడారా?" అని తల్లి ఒక రాత్రి భర్తను అడిగింది. అందులో ద్వేషం లేదు. బడులు తెరిచే రోజులు, ఆమె పనుల లెక్క ఆమెది. "అన్నయ్యకు చెప్పాను, టిక్కెట్టు చూడాలి" అన్నాడు తండ్రి. పక్క గదిలో నాయనమ్మ మెలకువగానే ఉంది. ఆ ఇంటి పెద్దలు తమ సంభాషణలో 'మన' అన్న మాటను వాడినది ఆ ఒక్కచోటే.

జూన్ నెలలో పాపను వీధి చివరి నర్సరీలో చేర్చారు. 1975లో మొదలైన అంగన్‌వాడీలు మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ఆటపాటలతో చదువు చెబుతూ వచ్చాయి. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేళ్ళ వయస్సునే విద్యకు తొలిమెట్టుగా గుర్తించింది. ఏ ప్రణాళికలోనూ రాయని పాఠం ఒకటి పాపకు ఆ బడిలో మొదటి పక్షంలోనే అబ్బింది. ముప్ఫై సంచులు, ముప్ఫై నీళ్ళసీసాలు, ముప్ఫై డబ్బాలు ఒకేచోట ఉన్నప్పుడు తనది ఏదో తెలియకపోతే మధ్యాహ్నం ఆకలితో ఉండవలసి వస్తుంది.

ఒక సాయంత్రం పక్కింటి పిల్లవాడు వచ్చి వాకిట్లోని మూడు చక్రాల సైకిలు ఎక్కబోయాడు. "ఇది మా సైకిలు, మీది కాదు!" అని పాప హ్యాండిలు పట్టుకొన్నది. వంటింట్లో ఉన్న తల్లి ఆ మాట విని మురిసిపోయింది. "విన్నారా అత్తయ్యా, మా, మీ అని ఎంత చక్కగా అంటున్నదో!" అన్నది. "వచ్చాయమ్మా, మాటలు వచ్చాయి" అన్నది నాయనమ్మ. పిల్లవాడు గుమ్మం మెట్టుమీద కూర్చుని ఏడ్చాడు. చీకటి పడేలోగా ఇద్దరూ కలిసి ఆ సైకిలునే తొక్కారు. పిల్లల తగాదాలకు ఆయుర్దాయం తక్కువ.

మాట మాత్రం నిలిచింది. కొత్త గౌను తొడిగిన ఉత్సాహంతో పాప ఆ మాటను అన్నిటికీ తొడిగింది. మా గుమ్మం, మా మందారం, మా అమ్మ. "మన నాన్న లేచాడా పాపా?" అని పాలాయన అలవాటుగా అడిగితే, "మన నాన్న కాదు, మా నాన్న!" అని దిద్దింది. "అయితే నాకు నాన్న లేనట్టేనా?" అని అతడు మొహం వేలాడేశాడు. పాప కొంచెంసేపు ఆలోచించి, "నువ్వు కొనుక్కో" అన్నది.

నెలాఖరు దగ్గరపడింది. ఆదివారం సాయంత్రం నాయనమ్మ మంచంమీద చీరలు మడతపెడుతున్నది. కుర్చీలో కూర్చున్న తండ్రి ఫోనులో రైలు టిక్కెట్లు చూస్తున్నాడు. తల్లి మందులను పొట్లాలు కడుతున్నది. చీరల మధ్య కూర్చున్న పాప తనకు తానే పాఠం చెప్పుకొంటున్నది.

"ఇది మా ఇల్లు. అది పక్కింటి వాళ్ళ ఇల్లు. హైదరాబాదులోది పెదనాన్న వాళ్ళ ఇల్లు." అక్కడ ఆగి తలెత్తింది. "నాయనమ్మా, మరి నీ ఇల్లు ఏది?"

పాప అడిగినది కేవలం ఒక ఖాళీని నింపడానికే. నేర్చుకొన్న మాటలన్నింటికీ ఒక్కొక్క ఇల్లు దొరికింది, ఒక మాటకు మాత్రం దొరకలేదు. తండ్రి వేలు ఫోనుమీద నిలిచిపోయింది. తల్లి పొట్లాన్ని విప్పి మళ్ళీ కట్టింది. నాయనమ్మ చేతిలోని చీరను అవసరమైన దానికంటే ఒక మడత ఎక్కువ వేసింది.

"నువ్వెక్కడుంటే అదే నా ఇల్లు తల్లీ."

"నేను ఇక్కడే ఉంటాను కదా. మరి నువ్వెందుకు వెళ్తున్నావు?"

ఆ రాత్రి టిక్కెట్టు కొనలేదు. రెండు రోజుల తరువాత కొన్నారు. ఆమె వెళ్ళక తప్పదు, హైదరాబాదు ఇంట్లో కూడా ఆమె కోసం రోజులు లెక్కపెట్టే మనుమలున్నారు. అయితే తండ్రి మేడమీదికి వెళ్ళి అన్నతో చాలాసేపు మాట్లాడాడు. ఏమి మాట్లాడుకొన్నారో గాని, కిందికి వచ్చి తల్లి మంచం దగ్గర కూర్చుని, "అమ్మా, ఆరు నెలలని లెక్కేమీ పెట్టుకోకు. ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు ఫోన్ చెయ్యి, నేను వచ్చి తీసుకొస్తాను" అన్నాడు. ఆమె సరేనన్నది. ఇలాంటి మాటలు ఎంతవరకు నిలుస్తాయో ఆమె వయస్సు వారికి తెలియనిది కాదు.

ప్రయాణంనాడు ఆమె సంచి సర్దుకొన్నది. ఆమెకు భర్త వాడిన స్టీలు గ్లాసు ఒకటి ఉంది. ఆ తరంవారి అలవాటు ప్రకారం అంచు కింద ఆయన పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. ఏ ఇంటికి వెళ్ళినా ఆమె సంచిలో మొదట చేరేది ఆ గ్లాసు. ఈసారి చీరలు పెట్టింది, మందులు పెట్టింది, కళ్ళజోడు పెట్టె పెట్టింది. గ్లాసును చేతిలోకి తీసుకొని కొంగుతో తుడిచి, వంటింటి అరలో, పాపకు అందేటంత ఎత్తులో ఉంచింది. తల్లి అది చూసింది. "మరిచిపోయారు అత్తయ్యా" అనబోయి, అనలేదు.

మర్నాడు పాప ముందుగా లేచింది. ఖాళీ మంచాన్ని చూసి, దొడ్లోకి వెళ్ళి మందారాలను లెక్కపెట్టింది. సైకిలు గంట వినబడగానే గిన్నెతో గుమ్మంలోకి వచ్చింది. పరుగెత్తలేదు, నడిచి వచ్చింది. వెనుక తల్లి కొంగుతో చేతులు తుడుచుకొంటూ నిలబడింది.

"పెద్దమ్మగారు కనపడటం లేదేం పాపా?" అన్నాడు పాలాయన.

"మన నాయనమ్మ ఊరెళ్ళింది" అన్నది పాప.

తల్లి దిద్దలేదు. పాలాయన నవ్వలేదు. కొలతపాత్ర గిన్నెలోకి వంచుతూ, "మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని అడిగాడు.

"రేపు" అన్నది పాప.